స్కాన్‌లో కనిపించని తేడా: డిసోసియేటివ్ రుగ్మతలు, మెదడు నిర్మాణం

ఎక్కడికి వెళ్లిందీ ఏం చేసిందీ గంటల తరబడి గుర్తుండని మనిషినో, ఫిట్స్ వచ్చినట్టు పడిపోయే మనిషినో, ఉన్నట్టుండి గొంతూ నడతా మారిపోయి ఇంకెవరో అయినట్టు మాట్లాడే మనిషినో ఆసుపత్రికి తీసుకువెళ్తే, వైద్యులు మొదట రాసే పరీక్షల్లో మెదడు ఎంఆర్ఐ, మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ ఉంటాయి. కణితి ఉందా, టెంపోరల్ లోబ్‌లో మొదలయ్యే మూర్ఛ ఉందా, మెదడుకు వాపు వచ్చిందా అన్న అనుమానాలు తీరాలంటే అవి అవసరం. డిసోసియేటివ్ రుగ్మత ఉన్నవారిలో చాలామందికి ఆ రిపోర్టు ‘నార్మల్’ అనే వస్తుంది. ఇంట్లోవాళ్లు దాన్ని రెండు రకాలుగా చదువుకుంటారు: జబ్బు లేదు కాబట్టి నటన, లేదంటే జబ్బు లేదు కాబట్టి గాలి సోకింది. మరోవైపు పరిశోధన పత్రాలు చూస్తే, ఇదే కోవకు చెందిన రోగుల్లో జ్ఞాపకాలతో ముడిపడిన హిప్పోకాంపస్ అనే మెదడు భాగం 19 శాతం చిన్నదిగా ఉందని ఒకటి, స్కాన్ ఆధారంగా కంప్యూటర్ రోగిని 73 శాతం కచ్చితత్వంతో గుర్తుపట్టిందని మరొకటి చెబుతాయి. రిపోర్టు అబద్ధం కాదు, పత్రాలూ అబద్ధం కావు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియాలంటే, ఆ తేడాను ఎవరిలో కొలిచారో, ఎవరితో పోల్చారో, ఎంత సన్నని కొలత అదో విడివిడిగా చూడవలసి ఉంటుంది.

మామూలుగా ఒకటిగా అల్లుకుని ఉండే జ్ఞాపకం, అనుభూతి, శరీర స్పృహ, ‘నేను’ అన్న ఎరుక ఒకదాని నుంచి ఒకటి విడివడటాన్ని డిసోసియేషన్ అంటారు. రోజూ వెళ్లే దారిలో బండి నడుపుకుంటూ ఇల్లు చేరి, మధ్యలో ఏ కూడలి దాటామో గుర్తుకు రాకపోవడం దాని తేలికపాటి రూపం; అది రోగం కాదు. విడివడటం పదే పదే జరిగి బతుకును చెదరగొట్టినప్పుడే రుగ్మత అవుతుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన మానసిక రుగ్మతల వర్గీకరణ గ్రంథం డీఎస్ఎం-5 ఈ గుంపులో ముఖ్యంగా మూడింటిని చెబుతుంది. ఒకప్పుడు మల్టిపుల్ పర్సనాలిటీ అని పిలిచి 1994లో పేరు మార్చిన డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్, అంటే డీఐడీ. బాధాకరమైన కాలం మొత్తం మనసు నుంచి తుడిచిపెట్టుకుపోయే డిసోసియేటివ్ విస్మృతి. తన శరీరమూ తన చుట్టూ ఉన్న ప్రపంచమూ అద్దం వెనక ఉన్నట్టు, నిజం కానట్టు తోచే డీపర్సనలైజేషన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమలు చేస్తున్న జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 ఇంకొంచెం విశాలమైనది. మూర్ఛ కాని ఫిట్స్, కారణం దొరకకుండా కాలూ చెయ్యీ పడిపోవడం, బాధ కలిగించే పూనకపు స్థితులు కూడా అందులో ఇదే గుంపులో ఉంటాయి. జాతరలోనో బోనాల్లోనో సంప్రదాయం అంగీకరించిన పూనకాన్ని మాత్రం రెండు వర్గీకరణలూ రుగ్మతగా లెక్కించవు. మన పత్రికల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటి ఇక్కడే చెప్పుకోవాలి: స్కిజోఫ్రీనియాకూ ఈ ‘చీలిన వ్యక్తిత్వాని’కీ సంబంధం లేదు, పేరులోని చీలిక అన్న అర్థం తప్ప.

ఈ రోగుల మెదడులో ఏదో ఒకటి దొరకాలన్న పట్టుదల కొత్తది కాదు. 19వ శతాబ్దం రెండో సగంలో పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో జాన్ మార్టిన్ షార్కో నరాల జబ్బులను చనిపోయిన రోగుల మెదడు, వెన్నుపాము కోసి చూసి వర్గీకరించాడు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కూ, కండరాలు కరిగిపోయే ఏఎల్ఎస్ జబ్బుకూ ఆయన ఆ దారిలోనే రూపురేఖలు ఇచ్చాడు. అప్పట్లో హిస్టీరియా అని పిలిచినవారి మెదడులో మాత్రం ఆయన కత్తికీ సూక్ష్మదర్శినికీ ఏమీ దొరకలేదు. గాయం ఉంది కానీ అది నిర్మాణంలో కాదు, పనితీరులో ఉందని చెప్పడానికి ‘చలన గాయం’ అనదగిన మాటను ఆయన వాడాడు. అదే ఆసుపత్రిలో పనిచేసిన పియేర్ జానే 1889లో వెలువరించిన సిద్ధాంత గ్రంథంలో, తట్టుకోలేని అనుభవం చేతన నుంచి విడివడి తనంతట తానుగా పనిచేస్తుందని వాదించాడు. నేటి డిసోసియేషన్ భావనకు మూలం అదే. నిర్మాణంలో తేడా ఉండవచ్చన్న ప్రశ్న మళ్లీ గట్టిగా లేచింది ఎంఆర్ఐ వచ్చి, బతికున్న మనిషి మెదడులోని ఒక్కో భాగం ఘనపరిమాణాన్ని కొలవడం సాధ్యమయ్యాకే.

కొలతకు మొదట ఎంచుకున్నది హిప్పోకాంపస్. చెవికి లోపలి వైపున, టెంపోరల్ లోబ్ మడతల్లో, ఎడమవైపు ఒకటీ కుడివైపు ఒకటీ ఉండే ఈ భాగం పరిమాణం ఒక్కోటి మూడు ఘన సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. జరిగిన సంఘటనను ఎక్కడ, ఎప్పుడు అన్న వివరాలతో కలిపి ఒక జ్ఞాపకంగా కట్టేది అదే. డీఐడీలో తెగిపోయేది సరిగ్గా ఆ కట్టే కాబట్టి అనుమానం దాని మీదకు పోవడం సహజం. రెండో కారణం ఒత్తిడి హార్మోన్లు. కార్టిజాల్‌ను అందుకునే గ్రాహకాలు హిప్పోకాంపస్‌లో దట్టంగా ఉంటాయి. ఎలుకలకు 21 రోజుల పాటు వాటి ఒత్తిడి హార్మోనైన కార్టికోస్టెరాన్ ఇస్తే హిప్పోకాంపస్‌లోని సీఏ3 అనే ప్రాంతంలో నాడీకణాల కొమ్మలు కుదించుకుపోతాయని బ్రూస్ మెక్‌యువెన్ బృందం 1990లో చూపించింది. కణాలు చనిపోవడం కాదు, కొమ్మలు ముడుచుకోవడం అన్న సంగతి గుర్తుంచుకోవాలి. మానిన రోగుల విషయానికి వచ్చేసరికి అది మళ్లీ పనికొస్తుంది.

2006లో ఎరిక్ వెర్మెటెన్, డగ్లస్ బ్రెమ్నర్ తదితరులు అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో అచ్చువేసిన పత్రమే నేటికీ అందరూ ఎత్తిచూపేది. డీఐడీ ఉన్న 15 మంది స్త్రీలను, ఏ మానసిక రుగ్మతా లేని 23 మంది స్త్రీలతో వారు పోల్చారు. రోగుల్లో హిప్పోకాంపస్ సగటు ఘనపరిమాణం 19.2 శాతం, భయాన్నీ ప్రమాదాన్నీ పసిగట్టే అమిగ్డలా 31.6 శాతం తక్కువగా తేలాయి. మెదడు కొలతల్లో ఇవి చాలా పెద్ద అంకెలు. అంత పెద్దవి కనుకనే వాటిని అనుమానంగా చూడవలసి వచ్చింది. పోలిక బృందం వయసులో రోగుల కంటే చిన్నది. వయసు పెరిగేకొద్దీ ఈ భాగాలు కొంత కుదించుకుపోతాయి కనుక తేడాలో ఎంత భాగం వయసుదో చెప్పాలని విమర్శకులు అడిగారు. దానికంటే లోతైన చిక్కు మరొకటి ఉంది. ఆ రోగులకు డీఐడీతో పాటు పీటీఎస్‌డీ, అంటే తీవ్ర ఆఘాతం తర్వాత వచ్చే ఒత్తిడి రుగ్మత కూడా ఉంది. పీటీఎస్‌డీ ఒక్కటే ఉన్నవారిలో కూడా హిప్పోకాంపస్ చిన్నదిగా ఉంటుందని అప్పటికే తెలుసు. అప్పుడు కొలిచింది వ్యక్తిత్వాల విడివడటాన్నా, ఆఘాతం మిగిల్చిన జాడనా? ఆ రెంటిలో ఏదీ లేనివారితో పోల్చినంత కాలం ఈ ప్రశ్నకు జవాబు రాదు.

రెండేళ్లకే ఎదురు సాక్ష్యం వచ్చింది. 2008లో జర్మనీకి చెందిన గోదెహార్ద్ వెనిగర్ బృందం, చిన్నతనంలో తీవ్రమైన హింసను అనుభవించిన యువతులను రెండుగా విడదీసి చూసింది. పీటీఎస్‌డీ ఉన్నవారిలో అమిగ్డలా, హిప్పోకాంపస్ చిన్నవిగా ఉన్నాయి; డిసోసియేటివ్ విస్మృతి లేదా డీఐడీ ఉన్నవారిలో అవి మామూలు పరిమాణంలోనే ఉన్నాయి. ఇది కూడా చిన్న బృందమే, తుది మాట కాదు. అయినా ‘డీఐడీ అంటే చిన్న హిప్పోకాంపస్’ అన్న సమీకరణం అంత సులువుగా నిలవదని ఇది తేల్చింది.

ఈ ముడిని విప్పడానికి సరైన పద్ధతి మూడు బృందాలను పక్కపక్కన పెట్టడం. సీమా చలవి, సిమోన్ రైండర్స్ తదితరులు 2015లో ఆ పని చేశారు: డీఐడీ, పీటీఎస్‌డీ రెండూ ఉన్న స్త్రీలు ఒకవైపు, పీటీఎస్‌డీ మాత్రమే ఉన్న స్త్రీలు మరోవైపు, ఆరోగ్యవంతులు మూడోవైపు. ఆరోగ్యవంతులతో పోలిస్తే రెండు రోగి బృందాల్లోనూ హిప్పోకాంపస్ చిన్నదే. చిన్నతనపు ఆఘాతం ఎంత తీవ్రమైతే, డిసోసియేటివ్ లక్షణాలు ఎంత ఎక్కువైతే, పరిమాణం అంత తక్కువగా ఉండే ధోరణి కనిపించింది. దీన్ని మరో దిక్కు నుంచి చూడవచ్చు. హార్వర్డ్‌కు చెందిన మార్టిన్ టైకర్ 2012లో 18 నుంచి 25 ఏళ్ల మధ్య ఉన్న 193 మందిని పరీక్షించినప్పుడు, చిన్నతనంలో హింసకో నిర్లక్ష్యానికో గురైనవారిలో ఎడమ హిప్పోకాంపస్‌లోని కొన్ని ఉపభాగాలు సుమారు 6 శాతం తక్కువగా ఉన్నాయి. వారు మానసిక ఆసుపత్రుల నుంచి ఎంచిన రోగులు కారు, సాధారణ జనంలోంచి వచ్చినవారు. అంటే, డీఐడీ పేరు మీద చెలామణి అవుతున్న ఈ తేడాలో పెద్ద వాటా బాల్యంలో తగిలిన దెబ్బదే అనుకోవడం న్యాయం. డీఐడీ ఆ దెబ్బలో అత్యంత తీవ్రమైన కొసన ఉంటుంది; అంతే తప్ప, రెండో వ్యక్తికి మెదడులో ప్రత్యేకంగా ఒక గది ఉన్నట్టు ఏ స్కానూ చూపలేదు.

దెబ్బ వల్లే కుదించుకుపోయిందా, ముందే చిన్నదిగా ఉన్నవారికే దెబ్బ ఎక్కువ తగిలిందా అన్నది వేరే ప్రశ్న. పీటీఎస్‌డీ విషయంలో దీనికి అందమైన పరీక్ష ఒకటి జరిగింది. మార్క్ గిల్బర్ట్‌సన్ బృందం 2002లో వియత్నాం యుద్ధానికి వెళ్లివచ్చిన సైనికులను, యుద్ధం చూడని వారి సమరూప కవలలను కలిపి స్కాన్ చేసింది. తీవ్ర పీటీఎస్‌డీ ఉన్న సైనికుడి హిప్పోకాంపస్ చిన్నదిగా ఉంది. ఏ యుద్ధమూ చూడని అతని కవల సోదరుడిది కూడా చిన్నదిగానే ఉంది. కొంతమందిలో చిన్న పరిమాణం దెబ్బ ఫలితం కాదు, దెబ్బకు లొంగే గుణమని దీని అర్థం. అయితే ఆ కవలలు పెరిగింది ఒకే ఇంట్లో. ఇద్దరి బాల్యమూ ఒకే రకంగా గడిచి ఉండవచ్చు. డీఐడీ మూలాలు బాల్యంలోనే వెతుకుతున్నాం కనుక, ఈ చిన్న మెలిక ఇక్కడ చిన్నది కాదు.

హిప్పోకాంపస్ ఒకే ముద్ద కాదు. సీఏ1, సీఏ3, డెంటేట్ జైరస్ అంటూ వేర్వేరు పనులు చేసే పొరలు చుట్టచుట్టుకుని ఉంటాయి. లోపల కట్టిన జ్ఞాపకం బయటి పైపొర వైపు వెళ్లే దారిలో సీఏ1 ముఖ్యమైన మజిలీ. లోరా దిమిత్రోవా, రైండర్స్ తదితరులు 32 మంది డీఐడీ రోగులనూ 43 మంది ఆరోగ్యవంతులనూ, అందరూ స్త్రీలే, పోల్చి చూసినప్పుడు సీఏ1 రెండు వైపులా చిన్నదిగా ఉంది. లక్షణాల్లో దానితో ముడిపడింది డిసోసియేటివ్ విస్మృతి. దారి ఇరుకైతే జ్ఞాపకం బయటికి రావడం కష్టమవుతుందని ఊహించుకోవడానికి ఇది ఇంపుగా ఉంటుంది. కానీ మామూలు ఎంఆర్ఐ చిత్రంలో ఒక్కో చుక్క ఒక మిల్లీమీటరు. ఈ పొరలు చాలాచోట్ల అంతకంటే పెద్దగా మందం లేనివి. సాఫ్ట్‌వేర్ వాటి సరిహద్దులను చిత్రంలో చూసి గీయదు, సగటు మెదడు పటాన్ని బట్టి అంచనా వేసి గీస్తుంది. హిప్పోకాంపస్ మొత్తం కొలతను నమ్మినంతగా దాని పొరల కొలతను నమ్మలేకపోవడానికి కారణం ఇదే.

మరో సంగతి కూడా ఈ పత్రాలను వరసగా చదివితేనే బయటపడుతుంది. 32, 43 అన్న అంకెలు 2018లోనూ, 2019లోనూ, ఆ తర్వాతా మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. పత్రాలు అనేకం, స్కాన్ చేయించుకున్న స్త్రీలు మాత్రం అదే 75 మంది. ఇంత అరుదైన రోగులను, ఇంత ఖరీదైన పరీక్షకు, ఇంత జాగ్రత్తగా ఎంచి తీసుకురావడం ఎంత కష్టమో తెలిసినవారు దీన్ని తప్పుపట్టరు. అయితే ఒకే గుంపు నుంచి తీసిన మూడు ఫలితాలు మూడు వేర్వేరు సాక్ష్యాలు కావు, ఒకే సాక్షి మూడుసార్లు ఇచ్చిన వాంగ్మూలం.

ఆ 75 మంది నుంచే 2019లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వచ్చిన ఫలితం పత్రికలకెక్కింది. మెదడు మొత్తంలో బూడిద, తెల్ల పదార్థాల అమరికను కంప్యూటర్‌కు నేర్పి, ఎవరు రోగి ఎవరు కాదో చెప్పమంటే, రోగుల్లో 72 శాతాన్ని రోగులుగా, ఆరోగ్యవంతుల్లో 74 శాతాన్ని ఆరోగ్యవంతులుగా అది గుర్తించింది. ఊరికే బొమ్మా బొరుసా వేసినదానికంటే ఇది మెరుగు, సందేహం లేదు. రుగ్మతకు మెదడులో ఆనవాలు ఏమీ లేదనేవారికి ఇది జవాబు కూడా. కానీ దీన్ని రోగనిర్ధారణ పరీక్షగా వాడితే ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు. జనాభాలో డీఐడీ 1 శాతం ఉంటుందని తరచూ వాడే అంచనా ప్రకారం 1,000 మందిలో 10 మంది రోగులు. పరీక్ష వారిలో ఏడుగురిని పట్టుకుంటుంది. మిగిలిన 990 మంది ఆరోగ్యవంతుల్లో 26 శాతాన్ని, అంటే దాదాపు 257 మందిని పొరపాటున రోగులంటుంది. ‘రోగి’ అని ముద్రపడిన ప్రతి 38 మందిలో నిజమైన రోగి ఒక్కరే. పైగా డీఐడీ రోగులకు పోలికగా ఆ కంప్యూటర్‌కు చూపింది ఆరోగ్యవంతులను మాత్రమే. వైద్యుడి ముందున్న అసలు ప్రశ్న ‘రోగా, ఆరోగ్యవంతుడా’ అన్నది కాదు. డీఐడీయా, బోర్డర్‌లైన్ వ్యక్తిత్వ రుగ్మతా, మూర్ఛా, సైకోసిసా అన్నది. ఆ ప్రశ్న కంప్యూటర్‌ను ఎవరూ అడగలేదు.

సగటుకూ మనిషికీ ఉన్న దూరం ఇక్కడే తెలుస్తుంది. రెండు ఊళ్ల మగవాళ్ల సగటు ఎత్తులో తేడా ఉన్నంత మాత్రాన, బస్టాండులో నిలబడిన మనిషి ఎత్తు చూసి అతనిది ఏ ఊరో చెప్పలేం. ఆరోగ్యవంతుల హిప్పోకాంపస్ పరిమాణాలు ఒకరితో ఒకరికి పొంతన లేనంత వెడల్పుగా పరుచుకుని ఉంటాయి. రోగుల పరిమాణాలు చాలావరకు ఆ పరుపు మీదే, కొద్దిగా కిందికి జరిగి పడతాయి. రేడియాలజిస్టు కంటికి ఆ జరుగుడు అందదు. రిపోర్టులో ‘నార్మల్’ అని రాయడం అందుకే సరైనదే. దాని అర్థం కణితి, మచ్చ, రక్తస్రావం లాంటివి కనపడలేదని మాత్రమే.

డీపర్సనలైజేషన్‌కు వస్తే బొమ్మ పూర్తిగా మారుతుంది. జ్ఞాపకం తెగదు, ‘నేను’ మారదు, అనుభూతి మాత్రం చల్లబడుతుంది. ఈ రోగులు తమకు ఏం జరుగుతోందో స్పష్టంగా చెప్పగలరు. బాధపడేది కూడా అందుకే. జూడిత్ డేనియల్స్ బృందం 2015లో 25 మంది రోగులను 23 మంది ఆరోగ్యవంతులతో పోల్చినప్పుడు హిప్పోకాంపస్ ఊసే రాలేదు. కుడివైపు మెదడు లోతులో ఉండే థాలమస్, కాడేట్, చూపుకు సంబంధించిన క్యూనియస్ అనే భాగాల్లో బూడిద పదార్థం తక్కువగా ఉంది. ఎడమవైపు ముందు మెదడు మధ్యభాగంలోనూ, కుడివైపు స్పర్శను గ్రహించే ప్రాంతంలోనూ అది ఎక్కువగా ఉంది. తక్కువ అంటే నష్టమని అనుకుంటే మరి ఎక్కువ దేనికి గుర్తు? ఇక్కడ పనికివచ్చే ఆలోచనను మౌరీసియో సియెర్రా, హెర్మాన్ బెరియోస్ 1998లోనే ఇచ్చారు. ముందు మెదడు తన కింద ఉన్న భావోద్వేగ కేంద్రాలను అవసరానికి మించి అణచివేస్తోందని వారి ప్రతిపాదన. రూత్ లేనియస్ బృందం 2010లో దీన్నే పీటీఎస్‌డీకి విస్తరించింది. ఆఘాతాన్ని గుర్తు చేసినప్పుడు కొందరు రోగులు ఉలిక్కిపడి గుండె దడదడలాడిపోతారు, వారిలో ముందు మెదడు పట్టు సడలుతుంది. ఇంకొందరు రాయిలా మొద్దుబారిపోతారు, వారిలో ఆ పట్టు బిగుసుకుంటుంది. డీఎస్ఎం-5 పీటీఎస్‌డీలో డిసోసియేటివ్ ఉపరకాన్ని ప్రత్యేకంగా చేర్చడానికి ఈ వరస పరిశోధనే దారి వేసింది.

నష్టం అన్న మాటనే ప్రశ్నించే పరిశోధన ఇంకొకటి ఉంది, ఇది డిసోసియేటివ్ రోగుల మీద కాకపోయినా. క్రిస్టీన్ హైమ్ బృందం 2013లో 51 మంది స్త్రీల మెదడు పైపొర మందాన్ని కొలిచింది. చిన్నతనంలో లైంగిక హింసకు గురైనవారిలో, స్పర్శను గ్రహించే పైపొరలో జననాంగాలకు చెందిన ప్రాంతం పలుచబడి ఉంది. మాటలతో, అవమానాలతో హింసపడినవారిలో తనను తాను ఎరిగే పనితో ముడిపడిన ప్రాంతాలు పలుచబడి ఉన్నాయి. దెబ్బ తగిలిన చోటే దాన్ని గ్రహించే పొర పలుచనైంది. ఎదుగుతున్న మెదడు తప్పించుకోలేని అనుభవం రాకుండా ఒక తలుపు మూసుకుందని పరిశోధకులు దాన్ని అర్థం చేసుకున్నారు. పసిప్రాయంలో కాపాడిన ఆ మూత, పెద్దయ్యాక ఇరుకుగా మారడం వేరే విషయం.

నిర్మాణం గురించి ఎంత చెప్పినా డీఐడీలో అందరినీ ఆశ్చర్యపరిచే సంగతి అందులో లేదు. ఒక వ్యక్తిత్వ స్థితి నుంచి మరో స్థితికి మార్పు క్షణాల్లో జరుగుతుంది. హిప్పోకాంపస్ క్షణాల్లో పెరగదు, తరగదు. అందుకే ఆ మార్పును నిర్మాణంలో కాక రక్తప్రసారంలోనూ విద్యుత్ సంకేతాల్లోనూ వెతకాలి. రైండర్స్ 2003లో 11 మంది స్త్రీలకు వారి ఆఘాతానికి సంబంధించిన వృత్తాంతాన్నే రెండు స్థితుల్లో వినిపించి, మెదడులో రక్తప్రసారాన్ని చూపే పీఈటీ స్కాన్ తీసింది. ఆ కథ తనదేనని తెలిసిన స్థితిలో ఒక రకంగా, అది తనకు జరగలేదనుకునే స్థితిలో మరో రకంగా మెదడు స్పందించింది. ఇదంతా సినిమాలూ చికిత్సకులూ నేర్పిన పాత్రధారణేనని వాదించేవారు మానసిక శాస్త్రంలో తక్కువేమీ కాదు. వారికి జవాబుగా 2012లో, ఊహాశక్తి బాగా ఉన్న 10 మందినీ అంతగా లేని 8 మందినీ ఆ రెండు స్థితులనూ నటించమని అడిగారు. వారిలో ఎవరి మెదడూ రోగుల మెదడులా స్పందించలేదు. నటన సిద్ధాంతాన్ని ఇది పూర్తిగా కొట్టివేయదు. ఏళ్ల తరబడి ఒక పాత్రలో నమ్మకంగా జీవించినవారికీ గంటసేపు నటించినవారికీ తేడా ఉంటుందని ఎదుటివారు అనవచ్చు. ఆ అభ్యంతరంలో బలం ఉంది.

అన్నిటికంటే అబ్బురమైనది ఒక జర్మన్ రోగి ఉదంతం. ప్రమాదం తర్వాత చూపు పోయిందని నిర్ధారించిన ఆ స్త్రీకి డీఐడీ చికిత్స జరుగుతుండగా కొన్ని వ్యక్తిత్వ స్థితుల్లో చూపు తిరిగి రాసాగింది. హన్స్ స్ట్రాస్‌బుర్గర్, బ్రూనో వాల్డ్‌ఫోగెల్ 2015లో వివరించినట్టు, చూసే స్థితిలో ఉన్నప్పుడు కంటి ముందు మారే చిత్రానికి ఆమె మెదడు వెనక భాగంలో విద్యుత్ స్పందన మామూలుగా నమోదైంది. చూడని స్థితిలో ఉన్నప్పుడు ఆ స్పందన లేదు. కన్ను అదే, నరం అదే, మెదడు అదే. సంకేతాన్ని మధ్యలో ఎక్కడో ఆపుతున్నది గాయం కాదు. షార్కో ‘చలన గాయం’ అన్నప్పుడు ఆయన చేతిలో ఈ పరికరం ఉంటే ఏమనేవాడో ఊహించుకోవచ్చు.

అలా ఆపగలిగేది ఏమిటన్నదానికి ఒక సూచన 2020లో స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చింది. కార్ల్ డైసెరోత్ బృందం ఎలుకలకు కెటమిన్ అనే మత్తుమందు ఇచ్చినప్పుడు మెదడు వెనక, మధ్యగీతకు దగ్గరగా ఉండే రెట్రోస్ప్లీనియల్ పైపొరలో సెకనుకు ఒకటి నుంచి మూడు సార్లు వచ్చే నెమ్మదైన లయ పుట్టింది. ఆ ఎలుకలు వేడి తగిలితే కాలు వెనక్కి తీసుకున్నాయి కానీ, బాధపడిన ఎలుకలా ప్రవర్తించలేదు. మూర్ఛ చికిత్స కోసం మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చిన ఒక రోగికి, ఫిట్స్ రాబోయే ముందు తాను తన నుంచి విడిపోయినట్టు అనిపించేది. ఆ క్షణంలో అతని మెదడులోనూ అదే చోట అటువంటి లయే కనిపించింది. అక్కడ కొద్దిపాటి విద్యుత్తు ఇస్తే ఆ అనుభవం తిరిగి వచ్చింది. ఆ ప్రాంతం కుదించుకుపోలేదు, మామూలు మెదడే ఒక లయలోకి జారింది.

కుదించుకుపోయింది మళ్లీ పెరుగుతుందా? ఎలుకల్లో ముడుచుకున్న కొమ్మలు ఒత్తిడి తీసేశాక తిరిగి విచ్చుకుంటాయి. మనుషుల విషయంలో నెదర్లాండ్స్‌లో థామస్ ఏలింగ్, ఎలెర్ట్ నైన్‌హౌస్ తదితరులు 2008లో ఒక ప్రాథమిక పరిశీలన చేశారు. డీఐడీ ముమ్మరంగా ఉన్నవారితో పోలిస్తే, చికిత్సతో కోలుకున్నవారిలో హిప్పోకాంపస్ పెద్దదిగా ఉంది. ఆశ పుట్టించే ఫలితమే, కానీ వారు వేర్వేరు మనుషులు. మొదటి నుంచీ పెద్ద హిప్పోకాంపస్ ఉన్నవారే త్వరగా కోలుకున్నారేమో. అదే మనిషిని చికిత్సకు ముందూ, ఏళ్ల తర్వాతా కొలిస్తే తప్ప ఈ రెంటిలో ఏది నిజమో తేలదు.

ఇంతవరకూ చెప్పిన డీఐడీ స్కాన్లలో పడుకున్నవారు దాదాపు అందరూ స్త్రీలు, పశ్చిమ ఐరోపాకో అమెరికాకో చెందినవారు, ప్రత్యేక చికిత్సా కేంద్రాలకు చేరుకున్నవారు. మన దేశపు వైద్యులు చూసే రోగి వేరు. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో దశాబ్ద కాలంలో డిసోసియేటివ్ రుగ్మత అని నిర్ధారించిన 893 మంది రికార్డులను 2010లో విశ్లేషించినప్పుడు, అన్నిటికంటే ఎక్కువగా కనిపించినవి కాళ్లూ చేతులూ పనిచేయకపోవడం, ఆ తర్వాత మూర్ఛ కాని ఫిట్స్. వేర్వేరు వ్యక్తిత్వాలుగా విడిపోయే రూపం ఇక్కడ ఎంత అరుదంటే, 1989లో ముగ్గురు రోగుల వివరాలే అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో అచ్చువేయదగిన విశేషమయ్యాయి. దయ్యం పట్టిందంటూ ముందు భూతవైద్యుడి దగ్గరికీ, దర్గాకో గుడికో, చివరకు ఆసుపత్రికీ చేరే తెలుగు ప్రాంతాల రోగి మెదడు గురించి ఆ 75 మంది స్త్రీల సగటు చెప్పగలిగేది చాలా తక్కువ. పూనకపు స్థితిలో బయటి నుంచి వచ్చిన శక్తి మాట్లాడుతుంది, డీఐడీలో లోపలి నుంచి మరో ‘నేను’ మాట్లాడుతుంది. మెదడుకు ఈ రెండూ ఒకటేనా కాదా అన్నది ఈ కొలతల్లో లేని ప్రశ్న.

ఆసుపత్రిలో ఈలోగా చేతిలో ఉన్న పనిముట్లు వేరే. మూర్ఛ కాని ఫిట్స్‌ను పట్టిచ్చేది ఎంఆర్ఐ కాదు, వీడియో ఈఈజీ. ఫిట్స్ వచ్చిన సమయంలోనే మెదడు తరంగాలనూ శరీర కదలికలనూ కలిపి రికార్డు చేసి, కదలికలు ఉన్నా మూర్ఛ తరంగాలు లేవని అది చూపిస్తుంది. డీఐడీకి ఆ పాటి యంత్రం కూడా లేదు. విస్మృతి, డీపర్సనలైజేషన్, చుట్టూ ఉన్న ప్రపంచం నిజం కానట్టు తోచే డీరియలైజేషన్, గుర్తింపులో అయోమయం, గుర్తింపు మారిపోవడం అన్న ఐదు లక్షణాలను ఒక్కొక్కటిగా తడుముతూ, అవసరమైతే గంటల తరబడి, రోగితో కూర్చుని మాట్లాడే నిర్మాణబద్ధమైన ఇంటర్వ్యూ ఒకటి ఉంది. రైండర్స్ బృందంతో సహా స్కాన్ల కోసం రోగులను ఎంచిన పరిశోధకులు ఎవరు రోగో తేల్చుకున్నది కూడా అటువంటి ఇంటర్వ్యూతోనే.